సుద్దగడ్డ మలుపులో నేను పీకించిన గడ్డి

కాలువ ఉద్యోగమంటే నీళ్లతో పని అనుకుని చేరతారు కుర్రవాళ్లు. నేనూ అలాగే చేరాను. తీరా దిగాక తెలిసింది, అది బురదతో పని అని. నీళ్లు ఎలాగూ పల్లానికి పోతాయి, వాటికి మనం నేర్పేదేమీ లేదు. ఆ నీళ్లు మోసుకొచ్చే మన్ను ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగకూడదు, దిగిన మన్ను ఎక్కడ కదలకూడదు, ఉద్యోగమంతా ఇంతే. ఈ ముక్క నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. చెప్పిన మనిషి ఒకడున్నాడు. అతని మాట నేను వినలేదు.

నాకు ఎప్పుడు ఏ పదోన్నతి వచ్చింది, ఏ ఊరికి బదిలీ అయింది అనేవి రాయను. అవి నాకే విసుగు. కట్టిన వంతెనల గురించీ రాయను, అవి ఎక్కడివక్కడ నిలబడే ఉన్నాయి, కావాలంటే పోయి చూసుకోండి. పడిపోయిన దాని గురించి రాస్తాను. నా ముప్ఫయ్యేళ్ల నౌకరీలో నిజంగా నేర్చుకున్నది మొదటి ఏడాదిన్నరలోనే నేర్చుకున్నాను. మిగతా కాలమంతా దాన్ని మోస్తూ తిరిగాను.

ఎవరికీ అక్కర్లేని సెక్షను

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊళ్లో అద్దెకు గది దొరికేది కాదు, కచేరీలు డేరాల్లో నడిచేవి. పెద్ద ఉద్యోగులెవరూ కొండారెడ్డి బురుజు కనుచూపు దాటి కదలడానికి ఇష్టపడేవారు కాదు. దాంతో ఎవరికీ అక్కర్లేని ఎనిమిది మైళ్ల కాలువ ఒకటి, కొత్తగా చేరిన సూపర్‌వైజరునైన నాకు తగిలించారు. తుంగభద్ర నీళ్లను కడప వైపు తీసుకుపోయే కాలువ నుంచి చీలిన పిల్లకాలువ అది.

మాది కడప జిల్లాలో మెట్ట ఊరు. మా నాయన బతుకంతా ఆకాశం వైపు చూసి సేద్యం చేసినవాడు, పారే నీళ్లతో మడి తడిపి ఎరగడు. అలాంటివాడి కొడుకు కాలువకు అధికారి అయ్యాడంటే ఊరంతా చెప్పుకోడా మరి? చెప్పుకున్నాడు. ఆ గర్వం ఆయనకంటే నా నెత్తికే ఎక్కువ ఎక్కింది.

నా సెక్షనులో అయిదో మైలు దగ్గర కాలువ ఎడమకు బాగా వంపు తిరుగుతుంది. దాన్ని సుద్దగడ్డ మలుపు అంటారు. అక్కడ కుడి కట్టంతా తెల్లటి సుద్దమన్ను. ఎండితే రాయిలా ఉంటుంది, తడిస్తే జొన్నపిండి ముద్దలా జారిపోతుంది. ఆ కట్టకు కింద, పల్లంలో ముప్ఫై నలభై మట్టి మిద్దెలున్న పాలెం. అందరూ క్రైస్తవులు, కూలికి పోయేవాళ్లు, కొందరికి ఎకరా అరెకరా చేను. వాళ్ల తాతల కాలంలో మిషను దొరసానులు ఎత్తయిన అరుగు మీద రాతితో కట్టించిన చర్చి ఒకటి, నేలంతా బేతంచెర్ల బండలు పరిచింది, మధ్యలో ఉండేది.

లస్కరు దానియేలుది ఆ పాలెమే. లస్కరు అంటే కాలువ కావలి మనిషి. తూముల తలుపులు ఎత్తడం దించడం, కట్టలో ఎండ్రకాయల బొక్కలు పూడ్చడం, అడ్డొచ్చిన చెత్త తీయడం అతని పని. నలభై దాటినవాడు, సన్నగా, ఎండకు మాడి ఉండేవాడు. మిగతా లస్కర్లు కట్ట మీద నడుస్తూ కాలువను చూసేవాళ్లు. ఇతను పంచె ఎగ్గట్టి నీళ్లలో నడిచేవాడు. "పైన నడిస్తే కట్ట కనపడతాది దొరా. లోన నడిస్తే కాలువ కనపడతాది" అనేవాడు. నాకు నవ్వొచ్చేది.

నడిమ దోవ, అంచు గడ్డి

ఆ మలుపులో నీళ్ల అడుగున గడ్డి ఉండేది. నీళ్ల పైన తేలే గుర్రపుడెక్క కాదు, గట్టున పెరిగే జమ్మూ కాదు. అడుగు మన్నులో వేళ్లు దించి, రిబ్బను మాదిరి పొడుగాటి సన్నటి ఆకులతో, నీళ్లు ఎటు పారితే అటు వాలి ఉండే గడ్డి. పాలెంవాళ్లు నీటిగడ్డి అనేవాళ్లు. కాలువకు నీళ్లు కట్టేసినప్పుడు ఆకులు ఎండి అడుగున చాపలా పరుచుకునేవి. వేరు మాత్రం చెమ్మ పట్టుకుని బతికే ఉండేది.

దానియేలు దాన్ని కోసే పద్ధతి వేరు. నడుమ భాగంలో జానెడు ఎత్తు వదిలి కొడవలితో కోసేవాడు. కుడి కట్ట పాదం వెంబడి బారెడు వెడల్పున మాత్రం తాకేవాడే కాదు. ఎక్కడా ఒక్క వేరు కూడా లాగేవాడు కాదు. ఇదేమిటని అడిగాను మొదటి వారంలోనే.

"నడిమ దోవ నీళ్లకు, అంచు గడ్డికి. మా నాయన చెప్పినాడు, మా నాయనకు వాళ్ల నాయన చెప్పినాడంట."

"అంచు గడ్డి ఏం చేస్తాది?"

"నీళ్లను నిమ్మళం చేస్తాది దొరా. కాలు పెట్టి చూడండి, తెలుస్తాది."

నేను కాలు పెట్టలేదు. బూట్లు వేసుకుని ఉన్నాను. అంత చదువుకున్నవాణ్ని, లస్కరు చెప్పాడని బురదలో కాలు పెడతానా?

నిమ్మకాయ పందెం

ఆ చలికాలం కాలువ చివరి ఊరి నుంచి నరసిరెడ్డి అనే రైతు వచ్చాడు. ఎండిపోయిన వరి దుబ్బు ఒకటి వేళ్లతో సహా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"చూడప్పా సూపర్‌వైజరూ, ఇది పాలు పోసుకునే యాళకు ఎండింది. మీ కాలవలో నీళ్లు ఉండాయంటావు, యాడ ఉండాయి? పైనోళ్లు తాగినారా, గడ్డి తాగిందా?"

మనిషి మంచివాడే. కోపంలో న్యాయం ఉంది. అదే సమయానికి నా పై ఇంజనీరు, మా ఎస్‌డీఓ గారు తనిఖీకి వచ్చారు. కృష్ణా డెల్టాలో పనిచేసి వచ్చినవారు, చురుకైన మనిషి, నిజాయితీపరుడు. ఆయన చెడ్డవాడై ఉంటే ఈ కథ రాయడం నాకు సులువయ్యేది.

ఇద్దరం మలుపు దగ్గరికి వెళ్లాం. ఆయన దానియేలు చేత రెండు గుంజలు పాతించి, పై గుంజ దగ్గర నిమ్మకాయ నీళ్లలో వేసి, కింది గుంజ దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో చేతి గడియారంలో చూశారు. తర్వాత గడ్డి లేని చోట అదే పని చేశారు. గడ్డి లేని చోట నిమ్మకాయ పరుగెత్తింది. గడ్డి మీద ఊగుతూ, ఆగుతూ, పెళ్లికూతురిలా వచ్చింది.

"చూశారాండీ? మీ నీళ్ల దొంగ ఇక్కడున్నాడు. ఏమిటండీ, మీ సీమలో గడ్డిని కూడా దేవుణ్ని చేసి పెట్టుకుంటారా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. దానియేలు నవ్వలేదు.

నీళ్లు కరువైన దేశం మాది. ఇక్కడ పుట్టినవాడికి నీటికి అడ్డుపడేది ఏది కనిపించినా ఒళ్లు మండుతుంది. డెల్టా నుంచి వచ్చిన ఆయనకు గడ్డి మీద అంత కసి లేదు, ఆయనకు లెక్క ఉంది. కసి నాది. మా నాయన ఎండబెట్టుకున్న చేలన్నీ ఆ గడ్డే తాగినట్టు నాకు తోచింది. వేసవిలో కాలువ కట్టేయగానే వేళ్లతో సహా గడ్డపారలతో పెకిలించాలని నేనే ప్రతిపాదన రాసి ఇచ్చాను. ఆయన సంతకం పెట్టారు.

ఏప్రిల్‌లో పని మొదలైంది. కూలికి వచ్చినవాళ్లు పాలెంవాళ్లే. వాళ్ల ఇళ్ల మీది కట్టను వాళ్ల చేతే తవ్వించానని ఆ రోజు నాకు తట్టలేదు. దానియేలు రెండు రోజులు నా వెనకాలే తిరిగాడు.

"దొరా, కోసుకుందాం. మొదులు దాకా కోసుకుందాం. ఏరు మాత్రం తీయద్దండి. ఈడ కట్టను పట్టుకోని ఉండేది ఆ ఏరే."

"కట్టను పట్టుకునేది గడ్డి గాదు దానియేలూ, మన్ను. నేను చదువుకోని వచ్చినా."

"మీరు చదువుకున్నారు దొరా, నేను కాదంటానా. మన్నును పట్టుకునేది ఏందని అడుగుతాండా."

జవాబు లేనప్పుడు పై అధికారి చేసేదే నేనూ చేశాను. పని చూసుకోపొమ్మని కసిరాను. పదిహేను రోజుల్లో మలుపంతా నున్నగా, ఇంటి ముంగిలి అలికినట్టు తయారైంది. వేళ్లతో సహా లాగిన గడ్డి కట్ట మీద కుప్పలు పోసి ఎండగానే తగలబెట్టించాను.

మందు సీసాలు

జూలైలో నీళ్లు వదిలారు. నాలుగో రోజుకల్లా చివరి ఊరికి అందాయి. అంతకుముందు పది పన్నెండు రోజులు పట్టేది. నరసిరెడ్డి బండి కట్టుకుని వచ్చి నా మెడలో బంతిపూల దండ వేశాడు. "మొగోడివప్పా" అన్నాడు. ఎస్‌డీఓ గారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం మా నాయనకు పంపాను. ఆయన దాన్ని ఎవరి చేత చదివించుకున్నాడో, ఎన్నిసార్లు చదివించుకున్నాడో నాకు తెలియదు.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున దానియేలు నా క్వార్టర్సు వరండాలోకి వచ్చాడు. చేతిలో రెండు సీసాలు. ఆసుపత్రిలో అరకు పోసిచ్చే మందు సీసాలవి. పక్కన మోతాదు తెలియడానికి మెట్లు మెట్లుగా కత్తిరించిన కాగితం అంటించి ఉంటుంది చూశారా, అవి. రెంటిలోనూ కాలువ నీళ్లు, రాత్రంతా కదలకుండా ఉంచినట్టున్నాడు, బురద అడుగుకు దిగి తేట పైకి వచ్చింది.

"ఇది మలుపుకు పైన ముంచింది. ఇది కింద ముంచింది. చూడండి దొరా."

పైన ముంచిన సీసాలో ఒక మోతాదు మెట్టు మందం బురద. కింద ముంచిన దాంట్లో మూడు మెట్లు.

"ఏడాదేడాదీ ముంచి చూస్తా దొరా. ఎప్పుడూ పైన మురికి, కింద తేట. గడ్డి వడగట్టేది. ఇప్పుడు తిరగబడినాది. పైన తేటగా వచ్చిన నీళ్లు కింద ఇంత మన్ను యాడ ఎత్తుకుంటాండాయి? నడిమ ఉండేది మా కట్ట ఒకటే. అడుగున తింటాండాది దొరా. పైన ఏం కనపడదు. నేను దిగి చూసినా, కుడి పక్క కాలికి నేల అందడంల్యా."

ఇంతకంటే తేటగా ఏ ఇంజనీరు చెప్పగలడు? ఎలా జరిగిందో ఇప్పుడు మీకు నేను చెప్పగలను. గడ్డి ఉన్నప్పుడు నీళ్లు ఆకుల పైనుంచి జారిపోయేవి. ఆకుల కింద, వేళ్ల దగ్గర, నీరు దాదాపు నిలబడి ఉండేది. నిలబడిన నీటిలో మన్ను మెల్లగా దిగి వేళ్ల మధ్య కూర్చునేది, వేళ్లు దాన్ని కుట్టు వేసినట్టు పట్టుకునేవి. మలుపులో నీళ్ల ఉరవడంతా బయటి కట్ట మీదికే వస్తుంది కాబట్టి ఆ కట్ట పాదానికి ఆ గడ్డే పరుపు. దానియేలు నడుమ కోసి దోవ ఇచ్చేది నీళ్లు పోవడానికి, అంచున వదిలేది కట్ట నిలవడానికి. మేం నిమ్మకాయతో కొలిచింది నీటి పైభాగాన్ని. అడుగున ఏం జరుగుతోందో నిమ్మకాయకేం తెలుసు?

ఆ పొద్దున ఇదంతా నా కళ్ల ముందు రెండు సీసాల్లో ఉంది. నేను మెడలో పడిన బంతిపూల దండ సంగతి ఆలోచిస్తున్నాను. కొత్త నీళ్లలో బురద ఎక్కువే ఉంటుందిలే అన్నాను.

"ఎస్‌డీఓ దొరకు ఒక మాట చెప్పండి దొరా. నీళ్లు తగ్గించి, కంప, రాళ్లు వేసుకుంటే ఈ ఏడు గట్టెక్కతాం. కింద మా పిల్లోళ్లు ఉండారు."

"చూస్తాలే, ఆడ పెట్టిపో" అన్నాను. కిటికీలో పెట్టి వెళ్లాడు. నీళ్లు తగ్గించమని రాస్తే నేను రాసిన ప్రతిపాదన తప్పని నేనే రాసినట్టు. రాయలేదు.

పాతర్లు

సెప్టెంబరులో రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున తొమ్మిది గంటలప్పుడు మలుపు దగ్గర కట్ట కూలింది. తెగింది అనకూడదు, పాదం లేని మనిషిలా ఉన్నపళాన కూర్చుండిపోయింది. నేను సైకిలు మీద చేరేసరికి బండి పట్టేంత గండి. ఎర్రటి నీళ్లు పాలెం మీదికి దిగుతున్నాయి.

దానియేలు అప్పటికే అందరినీ చర్చిలోకి తోలాడు. నెలరోజులుగా అతను ఇంటింటికీ చెప్పి ఉంచాడట, కేక వేస్తే ఏదీ చూడకుండా చర్చిలోకి పరుగెత్తమని. నేను వినని మాట వాళ్లు విన్నారు. ఒక్క ప్రాణం పోలేదు. నా మీద దేవుడికి ఉన్న దయ అంతా ఆ రోజే ఖర్చయిపోయిందని అనుకుంటాను.

పైనున్న తలుపులు దించి నీళ్లు కట్టేసేసరికి మధ్యాహ్నమైంది. మట్టి మిద్దెలు సగం కరిగిపోయాయి. అంతకంటే ఘోరం మరొకటి ఉంది. ఆ దేశంలో జొన్నలు పాతర్లలో దాచుకుంటారు. నేలలో లోతుగా గుంత తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మన్ను కప్పేస్తారు. ఏడాది తిండి అది. పాలెంలో పాతర్లన్నీ కాలువ నీళ్లతో నిండిపోయాయి. వారం రోజులకు తెరిస్తే, ఆ పులిసిన వాసన ఊరి బయటిదాకా వచ్చింది. ఆడవాళ్లు ఆ గింజలను చర్చి బండల మీద ఆరబోశారు. నల్లగా బూజు పట్టి, మొలకలు వచ్చి, చేతిలో నలిపితే పిండిలా రాలాయి. మార్తమ్మ, దానియేలు భార్య, ఒక గుప్పెడు తీసి నా ముందు నేల మీద పోసి లోపలికి పోయింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

చివరి ఊరికీ ఏమీ మిగల్లేదు. మలుపు నుంచి కొట్టుకుపోయిన మన్నంతా అక్కడి తూముల్లో దిగి నోళ్లు మూసేసింది. నరసిరెడ్డి మడిలో జానెడు మందాన ఒండ్రు పేరుకుని పైరు కూరుకుపోయింది. ఆయన మళ్లీ నా దగ్గరికి రాలేదు.

ఒక్క మాట

విచారణకు ఎస్‌డీఓ గారి పై అధికారి, ఈఈ గారు వచ్చారు. ట్రావెలర్స్ బంగళాలో పెద్ద బల్ల, ఆయన, పక్కన ఎస్‌డీఓ గారు, ఎదురుగా నేను. ముసలాయన, ఓపికగా అడిగారు. కట్ట ఎత్తు, నీళ్ల మట్టం, వాన. చివరికి కలం ఎత్తి అడిగారు.

"లస్కరు ముందుగా ఏమైనా చెప్పాడా?"

ఎస్‌డీఓ గారు కిటికీలోంచి బయటికి చూశారు. సీసాల సంగతి ఆయనకు తెలియదు, నాకు తెలుసు. చెప్పాడండీ అంటే, మరి నువ్వేం చేశావని తర్వాతి ప్రశ్న.

"లేదండీ" అన్నాను.

ఎందుకు అబద్ధమాడావంటే భయం. దానికి ఇంకో పేరు పెట్టి అందంగా చెప్పలేను. మెచ్చుకోలు ఉత్తరం మా నాయన పెట్టెలో ఉంది. నౌకరీ పోతే ఏ మొహం పెట్టుకుని ఊరికి పోతాను? ఇదే నా లోపల తిరిగింది. దానియేలు మొహం గుర్తుకే రాలేదంటే నమ్మండి.

కట్టలో ఎండ్రకాయల బొక్కలు పూడ్చకుండా అశ్రద్ధ చేయడం వల్ల గండి పడిందని తేల్చారు. బొక్కలు పూడ్చాల్సింది లస్కరు. దానియేలు ఉద్యోగం పోయింది. కట్ట మీద లస్కరుకని ఇచ్చిన గది ఖాళీ చేయించారు. కింద మిద్దె కూలింది, పైన గది పోయింది, పాతర కుళ్లింది. నేను ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కిటికీలోని రెండు సీసాలు పెరట్లో గుమ్మరించి, శుభ్రంగా కడిగి, బోర్లించాను. ఆ మోతాదు కాగితాలు మాత్రం గోళ్లతో గీకినా ఊడిరాలేదు. చివరికి సీసాలను బావిలో వేశాను.

ఆ ఏడు తిండి లేక పాలెంలో సగం మంది బేతంచెర్ల బండల గనుల్లోకి వలసపోయారు. దానియేలూ పోయాడు.

మరుసటి ఏప్రిల్‌లో కాలువ కట్టేసినప్పుడు ఒక చిత్రం చూశాను. మిగిలిన ఆడవాళ్లు మలుపుకు ఎగువన, మేం పెకిలించని చోట, నీటిగడ్డి వేళ్లు మన్నుతో సహా తవ్వి, గంపల్లో మోసుకొచ్చి, కొత్త కట్ట పాదంలో చెమ్మ ఉన్న చోటల్లా వరి నాట్లు వేసినట్టు వరసగా నాటుతున్నారు. ముందు వరసలో మార్తమ్మ. కాలువలో ఏదైనా నాటడం నేరం, నేను ఆపించాలి. సైకిలు తిప్పుకుని మరో దారిన వెళ్లిపోయాను. ఆ ఉద్యోగంలో అప్పటిదాకా నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే.

బేతంచెర్ల

రెండేళ్లకు, నాకు అక్కణ్నుంచి బదిలీ ఆర్డరు వచ్చాక, రైలెక్కి బేతంచెర్ల పోయాను. చెబుదామని పోయాను. ఏం చెబుదామనుకున్నానో స్టేషనులో దిగేసరికి మరిచిపోయాను.

గని దగ్గర ఒక తాటాకు పందిరి కింద దానియేలు బండలకు అంచులు చెక్కుతున్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు, కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. దగ్గు ఆగడం లేదు. నన్ను చూసి లేవలేదు. దొరా అని కూడా అనలేదు.

"ఏమప్పా, ఇంత దూరం వచ్చినావు?"

"ఊరికే, చూసిపోదామని." ఆగలేక అనేశాను. "దానియేలూ, ఆ రోజు ఈఈ గారు నన్ను అడిగినారు, నువ్వు ముందుగా చెప్పినావా అని..."

"తెలుసు. లేదన్నావు."

"ఎవరు చెప్పినారు?"

"ఎవురో చెప్పేదేంది? నేను ఆ బంగళా వరండాలోనే ఉంటి. రెండు సీసాలు మళ్లా ముంచుకోని తెచ్చుకున్యా. తలుపు ఓరగా తీసే ఉండె. అన్నీ ఇనపడినాయి."

"మరి లోపలికి ఎందుకు రాలేదు?" అన్నాను. అడిగిన తర్వాత నా నాలుక తెగిపోతే బాగుండనిపించింది.

"పిలిస్తే కదప్పా వచ్చేది" అన్నాడు. ఉలి పక్కన పెట్టి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. తర్వాత అడిగాడు. "గడ్డి లేసిందా?"

"లేసింది. మోకాలెత్తు ఉండాది."

"మన్ను పట్టిందా?"

"పట్టినాది."

"ఇంకో దొర వస్తాడు. మళ్లా పీకమంటాడు. పీకనీయద్దు. నేను చెప్తే ఎవురూ రాసుకోరు. నువ్వు చెప్పు."

నన్ను క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. మళ్లీ ఉలి తీసుకున్నాడు. తిరిగి వచ్చి పై ఆఫీసుకు జరిగింది జరిగినట్టు ఉత్తరం రాశాను. ఆ ఫైలు ముగిసిందని ఒక వాక్యం జవాబు వచ్చింది. ఆ జవాబు వచ్చేలోపే అతను పోయాడని మార్తమ్మ చెప్పి పంపింది.

సముద్రంలో కూడా

రిటైరయ్యాక మా ఆవిడతో రామేశ్వరం పోయాను. దారిలో మండపం దగ్గర పడవ ఎక్కాం. సముద్రం అక్కడ లోతు తక్కువ, నీళ్లు అద్దంలా ఉన్నాయి. తొంగి చూస్తే అడుగున మైదానాల కొద్దీ గడ్డి, అవే రిబ్బను ఆకులు, అన్నీ ఒకే వైపు వాలి, మళ్లీ అల వెనక్కి లాగినప్పుడు అన్నీ రెండో వైపు వాలుతున్నాయి. అల దాని మీదికి వచ్చేసరికి మెత్తబడిపోతోంది. కొంచెం అవతల గడ్డి లేని చోట నీళ్లు ఒకటే మురికి.

పడవవాడు వచ్చీరాని తెలుగులో చెప్పాడు. గడ్డి ఉన్న చోట ఇసుక కదలదట, ఒడ్డు కోసుకోదట. లాగుడు వలలతో గడ్డి ఊడిపోయిన చోట అడుగు గుంతలు పడి, నీళ్లు ఎప్పటికీ తేరుకోవట. "మా తాత చెప్పింది" అన్నాడు. అంత పెద్ద సముద్రమూ దానియేలు చెప్పిన మాటే చెబుతోంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎండ పడలేదా అని అడిగింది మా ఆవిడ. అవునన్నాను.

కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పేది ఇంతే. గడ్డి కోయండి, అవసరమైతే నడుమ దోవ తీయండి, మలుపుల్లో బయటి కట్ట పాదాన మాత్రం వేరు ముట్టుకోకండి. బూట్లు విప్పి నీళ్లలో దిగండి. పైన ఒక సీసా, కింద ఒక సీసా ముంచి చూడండి. విచారణ జరిగేటప్పుడు వరండాలో ఎవరు నిలబడి ఉన్నారో చూసి లోపలికి పిలవండి.

నేను చార్జి అప్పగించిన ప్రతి సెక్షనులోనూ తర్వాత వచ్చినవాడికి ఆ గడ్డి సంగతి చెప్పాను. మాట నిలబెట్టుకున్నాననే అనుకునేవాణ్ని. వాళ్లు "మీకిది ఎవరు చెప్పారు సార్?" అని అడిగేవారు. "అనుభవం" అనేవాణ్ని. ముప్ఫయ్యేళ్లు అలాగే అన్నాను. వాళ్లు నన్ను గౌరవంగా చూసేవారు, నేను చూడనిచ్చాను. అంటే విచారణ నాడు ఆడిన అబద్ధాన్నే ప్రతి ఊళ్లోనూ మళ్లీ ఆడుతూ వచ్చాను.

ఈఈ గారు ఇప్పుడు లేరు. ఎస్‌డీఓ గారూ లేరు. ఆ ఫైలు ఏ చెదలకు తిండి అయిందో తెలియదు. అయినా ఆయన కలం ఎత్తి అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. లస్కరు ముందుగా ఏమైనా చెప్పాడా?

చెప్పాడండీ. దానియేలు అతని పేరు. రెండు సీసాలు తెచ్చి చూపించి మరీ చెప్పాడు.